ముఖం చూడవలసిన చోటు, చూడనక్కర్లేని చోటు: నిఖాబు మీద మన అభ్యంతరం ఎందుకు?

లెక్కల టీచరు:

సభ్యులందరికీ నమస్కారం. తెలంగాణలోని ఒక జిల్లా కేంద్రంలో, జూనియర్ కళాశాలలో, ఇరవై రెండేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. కిందటి సంవత్సరం ఇంటర్ పరీక్షలప్పుడు మా కేంద్రం గేటు దగ్గర జరిగిన సంగతి ఒకటి నన్ను ఇంతవరకు వదల్లేదు. మీ అభిప్రాయాలు వినాలని ఇక్కడ పెడుతున్నాను.

ఆ రోజు పొద్దున ఎనిమిదిన్నర కావస్తోంది. నిఖాబు వేసుకున్న ఒక అమ్మాయిని గేటు దగ్గర తనిఖీకి నిలబడ్డ మగ ఉద్యోగి ఆపి, హాల్‌టికెట్ మీది ఫొటోతో పోల్చుకోవాలి కాబట్టి అక్కడే ముసుగు తీయమన్నాడు. పోల్చుకోవడం ఆయన విధి, దాన్ని నేను తప్పుపట్టను. అయితే ఆమె వెనుక అరవై డెబ్బై మంది పిల్లలూ, వాళ్లను దింపడానికి వచ్చిన తండ్రులూ అన్నలూ నిలబడి చూస్తున్నారు. ఆ పిల్ల "లోపల మేడమ్ ఎవరైనా ఉంటే చూపిస్తాను సార్" అంది. ఆయన "రూలంటే అందరికీ ఒకటే" అన్నాడు. మాటా మాటా పెరిగి, మేడమ్‌నని ఎవరో వచ్చి నన్ను పిలిచేసరికి పావుగంట గడిచిపోయింది. పక్కనున్న వాచ్‌మన్ గదిలోకి ఆమెను తీసుకువెళ్లాను. తల వెనుక ముడి విప్పబోతే వేళ్లు వణికి రెండుసార్లు జారింది. ముఖం చూసి ఫొటోతో పోల్చడానికి నాకు పది సెకన్లు పట్టింది. తరవాత గదుల తనిఖీకి వెళ్లినప్పుడు ఆమె జవాబు పత్రం మొదటి పేజీలో అంకెలు ఎలా వంకర్లు పోయాయో నా కళ్లతో చూశాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. అదే పావుగంటలో, అదే గేటులోంచి, స్కూటీల మీద వచ్చిన ఆడపిల్లలు కనీసం పదిమంది, ఎండకనీ దుమ్మనీ కళ్లు తప్ప ఏమీ కనిపించకుండా ముఖానికి చున్నీ చుట్టుకుని లోపలికి వచ్చారు. నడుస్తూ నడుస్తూ కొందరు విప్పుకున్నారు, కొందరు గది గుమ్మం దాకా విప్పనే లేదు. వాళ్లను ఎవరూ ఆపలేదు. ఆపాలన్న ఆలోచన నాకు కూడా రాలేదు. మన అభ్యంతరం ముఖం కనిపించకపోవడం మీదా, ఆ గుడ్డ ఏ మతానిదన్న దాని మీదా అని అప్పటినుంచి నన్ను నేనే అడుగుతున్నాను.

సాగరతీరం:

టీచరు గారూ, ఆ అమ్మాయిని అంతమంది ముందు అలా అడగడం తప్పే. కానీ ఆ ఉద్యోగి తరఫున కూడా ఒకరు మాట్లాడాలి. నేను విశాఖలో బ్యాంకు ఉద్యోగిని, బంగారు రుణాల కౌంటరు నాది. ఒకరి పేరు మీద తాకట్టు పెట్టిన నగలు ఇంకొకరు వచ్చి విడిపించుకుపోతే ఆ భారం నా మీద పడుతుంది. హెల్మెట్, మాస్కు తీసి లోపలికి రండి అని గుమ్మం దగ్గర బోర్డు పెట్టింది అందుకే. ముఖం చూడకుండా నేను సంతకం పెట్టలేను.

ఇది గుర్తింపు సంగతి. దీనికి అవతల కూడా నాకొక భావం ఉంది, దాచుకోకుండా చెబుతాను. ఎదుటి మనిషి నా ముఖం చూస్తూ, తన ముఖం నాకు చూపించకుండా మాట్లాడుతుంటే నాకు సమంగా అనిపించదు. నమ్మకం సగం ముఖంలోనే ఉంటుందని నా అనుభవం. ఇది ద్వేషం కాదని నాకు తెలుసు. చాలామందికి ఇలాగే ఉంటుందని కూడా తెలుసు.

గుల్‌మొహర్:

నేను ఈ వేదికలో ఎక్కువగా వంటల శీర్షికలో రాస్తాను, ఇలాంటి చర్చల్లోకి రాను. ఈసారి రాక తప్పలేదు. మాది గుంటూరు జిల్లా, ఇప్పుడు హైదరాబాద్ టోలీచౌకీలో ఉంటున్నాం. అమ్మ నిఖాబు వేసుకుంటుంది. నేను తలకు మాత్రమే కప్పుకుంటాను. చెల్లెలు ఏదీ వేసుకోదు. ముగ్గురం ఒకే కంచంలో తింటాం.

ముందు మాటలు సరిచేసుకుందాం. జుట్టూ మెడా కప్పి ముఖం తెరిచి ఉంచేది హిజాబు. కళ్లు మినహా ముఖం కప్పేది నిఖాబు. ఒళ్లంతా కప్పే నల్లని పైవస్త్రాన్ని మన దగ్గర బురఖా అంటారు, దానితో ముఖం కప్పుకునేవాళ్లూ ఉన్నారు, కప్పుకోనివాళ్లూ ఉన్నారు. పత్రికల్లో ఈ మూడింటినీ ఒకటిగా కలిపేస్తారు, దాంతో కళాశాలలో హిజాబు గురించి మొదలైన వాదన ఉగ్రవాదం దాకా పోయి ఆగుతుంది. ముఖం కప్పుకోవడం తప్పనిసరా కాదా అన్నదాని మీద మా పండితుల్లోనే ఏకాభిప్రాయం లేదు. మా అమ్మమ్మ తెనాలి దగ్గర పల్లెలో జీవితమంతా నేతచీరే కట్టింది, బయటికి వెళితే కొంగు తలమీదికి లాక్కునేది, అంతే. మా ఊరి దూదేకుల ఆడవాళ్లకూ పక్కింటి ఆడవాళ్లకూ కట్టులో తేడా పట్టడం కష్టంగా ఉండేది. నల్ల బురఖా మా ఊరికి నా కళ్లముందే వచ్చింది. కాబట్టి అది అనాదిగా ఉందని చెప్పేవాళ్ల మాటా నిజం కాదు, వేసుకున్న ప్రతి ఆడదీ బందీ అని జాలిపడేవాళ్ల మాటా నిజం కాదు.

సాగరతీరం గారూ, మా అమ్మ బ్యాంకుకు వెళ్లినప్పుడు కౌంటరులో ఆడమనిషి ఉంటే అటు తిరిగి ముసుగు పైకెత్తుతుంది, పని చూసుకుని వస్తుంది. చూపించను అని ఆమె ఏనాడూ అనలేదు. ఎవరికి, ఎక్కడ చూపించాలన్నది తనను అడగాలని అంటుంది.

చట్టం చదివినవాడు:

హిజాబునూ నిఖాబునూ వేరు చేసి చెప్పినందుకు గుల్‌మొహర్ గారికి కృతజ్ఞతలు. కోర్టుల తీర్పులు అర్థం కావాలంటే ఆ తేడా చాలా ముఖ్యం.

కర్ణాటక వ్యవహారం నిఖాబు గురించి కాదు, హిజాబు గురించి. 2021 డిసెంబరు చివర ఉడుపిలోని ఒక ప్రభుత్వ బాలికల పీయూ (మన ఇంటర్ లాంటిది) కళాశాలలో, హిజాబుతో వచ్చిన అమ్మాయిలను తరగతిలోకి రానివ్వకపోవడంతో మొదలైంది. 2022 ఫిబ్రవరి 5న ప్రభుత్వం యూనిఫాం మీద ఉత్తర్వు ఇచ్చింది. మార్చి 15న హైకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, హిజాబు ఇస్లాంలో తప్పనిసరి ఆచారం కాదని చెప్పి పిటిషన్లు కొట్టివేసింది. సుప్రీంకోర్టులో అక్టోబరు 13న తీర్పు రెండుగా చీలింది. జస్టిస్ హేమంత్ గుప్తా అప్పీళ్లను తోసిపుచ్చారు. జస్టిస్ సుధాంశు ధూలియా వాటిని అనుమతించి, ఇది ఆ అమ్మాయి ఎంపికకు సంబంధించిన విషయమనీ, ఆమె చదువు సాగడమే అన్నిటికన్నా ముందు చూడాలనీ రాశారు. దాంతో వ్యవహారం పెద్ద ధర్మాసనం ముందు పెట్టేందుకు ప్రధాన న్యాయమూర్తికి వెళ్లింది. ఒక ఆచారం మతానికి తప్పనిసరా కాదా అని న్యాయమూర్తులు గ్రంథాలు తిరగేసి నిర్ణయించడం నాకు మొదటినుంచీ మింగుడుపడదు. జాతీయ గీతం పాడకుండా గౌరవంగా లేచి నిలబడిన ముగ్గురు కేరళ పిల్లలను బడి నుంచి తీసేస్తే, 1986లో సుప్రీంకోర్టు వాళ్ల నమ్మకం నిజాయితీగలదేనా అని చూసింది, తిరిగి చేర్చుకోమంది. ఆ దారి నాకు న్యాయంగా తోస్తుంది.

ముఖం సంగతి వచ్చేసరికి కోర్టుల వైఖరి వేరు. ముంబయిలోని ఒక కళాశాల హిజాబు, టోపీ, బ్యాడ్జీలను నిషేధిస్తే 2024 ఆగస్టు 9న సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని తాత్కాలికంగా నిలిపివేసింది. అదే ఉత్తర్వులో తరగతి గదిలో బురఖాను అనుమతించలేమని కూడా చెప్పింది. అంటే తల కప్పుకోవడానికీ ముఖం కప్పుకోవడానికీ మధ్య గీత అక్కడ గీశారు.

టీచరు గారి గేటుకు దగ్గరగా ఉన్న ఉదాహరణ నీట్ పరీక్షది. మత సంప్రదాయం ప్రకారం దుస్తులు వేసుకునేవాళ్లు అందరికంటే ముందుగా వచ్చి తనిఖీ చేయించుకోవాలని ఆ సూచనల్లో ఉంటుంది. అంటే దేశమంతటా లక్షలమంది రాసే పరీక్షకు ఈ ఏర్పాటు సాధ్యమైంది.

లియోన్ నుంచి:

నేను ఫ్రాన్స్‌లోని లియోన్‌లో పదహారేళ్లుగా ఉంటున్న తెలుగువాణ్ని. మా పిల్లలిద్దరూ ఇక్కడి ప్రభుత్వ బడుల్లోనే చదివారు కాబట్టి నేను చూసింది చెబుతాను.

ఇక్కడ రెండు చట్టాలున్నాయి, బయటివాళ్లు వాటిని కలిపేస్తారు. 2004 మార్చిలో వచ్చినది ప్రభుత్వ పాఠశాలల గురించి. స్పష్టంగా కనిపించే మత చిహ్నం ఏదీ విద్యార్థులు ధరించకూడదు, అది తలగుడ్డైనా, యూదుల టోపీ అయినా, పెద్ద శిలువ అయినా, సిక్కు పిల్లవాడి తలపాగా అయినా. రెండోది 2010 అక్టోబరులో చేసి 2011 ఏప్రిల్ 11 నుంచి అమలు చేసినది. వీధితో సహా బహిరంగ ప్రదేశాల్లో ముఖం దాచే దుస్తులు వేసుకుంటే 150 యూరోల దాకా జరిమానా. చట్టంలో ఇస్లాం అన్న మాట కానీ బురఖా అన్న మాట కానీ లేదు. అయినా అది ఎవరి గురించో ఊళ్లో ప్రతి ఒక్కరికీ తెలుసు. ఇంకొకరి ముఖం బలవంతంగా కప్పించిన వాళ్లకు ఏడాది జైలు, 30 వేల యూరోల జరిమానా కూడా అందులోనే ఉన్నాయి. ఈ భాగం గురించి మన దగ్గర ఎవరూ మాట్లాడరు.

మా అమ్మాయి చదివిన హైస్కూలు గేటు దగ్గర నేను రోజూ చూసిన దృశ్యం ఒకటుంది. ఎనిమిదింటికి అయిదు నిమిషాల ముందు, నలుగురైదుగురు అమ్మాయిలు గోడ వారగా నిలబడి, తలగుడ్డ పిన్నులు ఒక్కొక్కటే తీసి పెదవుల మధ్య పట్టుకుని, గుడ్డను నాలుగు మడతలు పెట్టి బ్యాగు ముందు అరలో పెట్టుకునేవారు. సాయంత్రం అదే గోడ దగ్గర, ఫోను తెరను అద్దంగా పట్టుకుని మళ్లీ కట్టుకునేవారు. తలగుడ్డ ఎప్పుడూ కట్టుకోని మా అమ్మాయి స్నేహితురాలి బ్యాగు పట్టుకుని పక్కన నిలబడేది. అక్కడ గొడవ ఏనాడూ జరగలేదు. కానీ రోజుకు రెండుసార్లు ఆ పిల్లలు గోడవైపు తిరిగి నిలబడడం చూసినప్పుడల్లా నా మనసు చివుక్కుమనేది.

సాగరతీరం గారు చెప్పిన సమంగా లేదన్న భావాన్నే ఇక్కడి ప్రభుత్వం కోర్టులో వాదించింది. 2014 జులై 1న ముఖం దాచకూడదన్న చట్టం మీద వేసిన ఆ కేసును యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం తేల్చింది. స్త్రీపురుష సమానత్వం కోసం ఈ నిషేధం అన్న వాదనను ఒప్పుకోలేదు, మానవ గౌరవం అన్న వాదననూ ఒప్పుకోలేదు. భద్రత కోసమైతే అవసరమైనచోట ముఖం చూపించమంటే చాలు, వీధులన్నిటా నిషేధం అక్కర్లేదంది. చివరికి కలిసి బతకడం అన్న ఒక్క కారణాన్ని అంగీకరించి చట్టాన్ని నిలబెట్టింది. అంటే ఎదుటివాళ్ల ముఖం చూడాలన్న మన కోరికకు ఒక ఖండం న్యాయస్థానం విలువ ఇచ్చింది. దానితో నేను ఏకీభవించను, అయినా ఆ కోరికను తేలిగ్గా కొట్టిపారేయలేను. స్విట్జర్లాండ్‌లో 2021 మార్చి 7న ప్రజలనే అడిగితే 51.2 శాతం మంది నిషేధం కావాలన్నారు. 2025 జనవరి 1 నుంచి అక్కడ అది అమల్లో ఉంది.

2020 మే నెలలో మెట్రో ఎక్కాలంటే ముక్కూ నోరూ కప్పుకోవడం ఇక్కడ తప్పనిసరి చేశారు. ముఖం దాచకూడదన్న చట్టం రద్దు కాలేదు, ఆరోగ్య కారణాలకు అందులోనే మినహాయింపు ఉంది. ఆ ఏడాదంతా మేం కళ్లు మాత్రమే చూసుకుంటూ కూరగాయలు కొన్నాం, పిల్లల టీచర్లతో మాట్లాడాం, ఒకరినొకరు నమ్మాం.

సాగరతీరం:

లియోన్ మిత్రమా, ఆ మాస్కుల సంగతి నాకు నిజంగా తట్టలేదు. ఆ ఏడాది నేను కూడా మాస్కులు వేసుకున్నవాళ్లకే రుణాలిచ్చాను. గుర్తుపట్టడానికి ఒక్క క్షణం కిందికి దించమనేవాణ్ని, వాళ్లు దించేవారు, పని నడిచేది. ఎవరి ముందూ నాకు అసమానంగా అనిపించలేదు. నా భావం ముఖం గురించేనని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఇంకొంచెం ఆలోచించుకోవలసి ఉంది.

విజయనగరం మనవరాలు:

మీరందరూ ముసుగు అంటే ఇంకెవరిదో అన్నట్టు రాస్తున్నారు, అందుకని మా ఇంటి సంగతి చెబుతాను.

మా నాయనమ్మ క్షత్రియ కుటుంబంలో పుట్టి జమీందారీ నీడలో ఉన్న ఇంకో క్షత్రియ ఇంటికి కోడలిగా వచ్చింది. ఆమె గోషా పాటించేది. గోషా అంటే పారశీకంలో మూల అని అర్థమట. మాట ఆ భాష నుంచి వచ్చినా, ఆచారం మా ఇళ్లలో రాణివాసం మర్యాదగా చెల్లింది. ఆమె వీధి అరుగు మీదికి వచ్చిన రోజు లేదు. పొలం కాగితాల కోసం కరణం గారు వస్తే తలుపు ఓరగా వేసి దాని వెనుక నిలబడి మాట్లాడేది. ఆయన ఆమె గొంతు ముప్పై ఏళ్లు విన్నాడు, ముఖం ఒక్కసారీ చూడలేదు. పుట్టింటికి వెళ్లాలంటే సవారీ బండికి నాలుగు వైపులా తెర కట్టేవారు. బండి గుమ్మానికి ఆనించి నిలబెట్టి, రెండు దుప్పట్లు అటూ ఇటూ పట్టుకుంటే ఆ సందులోంచి ఎక్కేది. తరవాత కారు వచ్చింది. కారు అద్దాలకూ తెరలే.

ఇది మా ఒక్క ఇంటి వింత కాదు. విశాఖలో ప్రభుత్వ విక్టోరియా ఆసుపత్రిని పాతవాళ్లు ఇప్పటికీ ఘోషా ఆసుపత్రి అంటారు. చెన్నై ట్రిప్లికేన్‌లోని కస్తూర్బా గాంధీ ఆసుపత్రి 1885లో మొదలైనప్పుడు, కులీన స్త్రీలకూ గోషా స్త్రీలకూ అని దాని పేరులోనే ఉండేది. ఆడవాళ్లు మగ వైద్యుడికి ముఖం చూపించక ప్రసవాల్లో ప్రాణాలు పోతుంటే, ముసుగు తీసి రండి అని ఎవరూ అనలేదు. ఆడ వైద్యులను పెట్టి ఆసుపత్రి కట్టారు. ఆ పద్ధతి నాకు గొప్పగా తోస్తుంది.

అయితే నాయనమ్మ కథ అక్కడితో ఆపేస్తే అన్యాయం చేసినట్టవుతుంది. ఆమెకు చదువంటే ప్రాణం. బడి వీధిలో ఉంది కాబట్టి వెళ్లలేదు. తమ్ముడు ఇంటికి వచ్చి పలక మీద దిద్దిన అక్షరాలను చూసి కూడబలుక్కుని నేర్చుకుంది. చనిపోయే ముందు ఏడాది నా బీఎస్సీ పట్టా చేతిలోకి తీసుకుని, దానిమీద అచ్చువేసిన నా పేరు మీద వేలు పెట్టి రుద్దుతూ కూర్చుంది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తెర మర్యాద అని నాతో ఎవరైనా అంటే ఆ వేలు గుర్తుకొస్తుంది. అదే తెరను చూపించి ఇంకొక మతంవాళ్లను వెనకబడ్డవాళ్లని ఎవరైనా అన్నా ఆ వేలే గుర్తుకొస్తుంది.

ఒక అంకె కూడా చెబుతాను. ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే అమెరికా సర్వే సంస్థ 2019 చివర, 2020 మొదట్లో మన దేశంలో దాదాపు 30 వేల మందిని అడిగితే, ఇల్లు దాటితే తల కప్పుకుంటామని 61 శాతం మంది స్త్రీలు చెప్పారు. ముస్లింలలో 89 శాతం, సిక్కుల్లో 86, హిందువుల్లోనే 59. దక్షిణాదిలో హిందూ స్త్రీలలో ఈ అలవాటు చాలా తక్కువ కాబట్టి మనకు అది పరాయిదిగా కనిపిస్తుంది. రాజస్థాన్, హర్యానా పల్లెల్లో కొత్త కోడలు మామగారి ముందు గడ్డం దాకా కొంగు దించుకుంటుంది, అది కూడా ముఖం కప్పుకోవడమే.

నిజామాబాద్ రైతుబిడ్డ:

అక్కా, మీ నాయనమ్మ సంగతి చదివి నోట మాట రాలేదు. కానీ అదే నా వాదన కూడా. ఎంపిక, ఎంపిక అని మనం ఇంత మర్యాదగా మాట్లాడుకుంటున్నాం. పదేళ్ల పిల్లకు వేసే ముసుగులో ఎంపిక ఎక్కడుంది? ఇరాన్‌లో 2022 సెప్టెంబరులో మహ్సా అమీనీ అనే ఇరవై రెండేళ్ల యువతి, తలగుడ్డ సరిగా లేదని నైతిక పోలీసులు పట్టుకుపోయాక నిర్బంధంలో చనిపోయింది. ఆ తరవాత అక్కడి ఆడపిల్లలు తలగుడ్డలు తగలబెట్టి తుపాకులకు ఎదురు నిలిచారు. వాళ్లు అంత వెలకట్టి వదిలించుకుంటున్నదాన్ని మనం ఇక్కడ హక్కు అని సమర్థిస్తుంటే వాళ్లకు ఏమని జవాబు చెబుతాం? ఎక్కడో ఒకచోట ప్రభుత్వం అడ్డుపడకపోతే ఇంట్లో మగవాళ్ల మాటే చెల్లుతుంది. మతం ఏదైనా సరే, కప్పుకోవలసింది ఆడవాళ్లే ఎందుకవుతున్నారు?

గుల్‌మొహర్:

తమ్ముడూ, చివరి ప్రశ్న నాది కూడా. చిన్నప్పటినుంచీ ఇంట్లో అడుగుతూనే ఉన్నాను, మంచి జవాబు ఇంతవరకు దొరకలేదు.

బలవంతం లేదని నేను అనను. మా పెద్దమ్మ కూతురికి పెళ్లికి ముందు నిఖాబు అలవాటు లేదు. అత్తవారింట్లో వేసుకుంటేనే బీఈడీకి పంపుతామన్నారు. వేసుకుంది, రెండేళ్లూ చదివింది, ఇప్పుడు ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు ముఖం చూపిస్తూనే పాఠం చెబుతోంది, బయట మళ్లీ వేసుకుంటుంది. ఆ కళాశాల గేటు దగ్గర నిఖాబుతో రాకూడదని ఉంటే, అత్తగారు తన షరతు వదులుకునేది కాదు. నా అక్క చదువు వదులుకునేది. మీ అడ్డు తగలవలసింది ఆ ఇంట్లోని పెద్దవాళ్లకు, తగిలేది మాత్రం ఆ పిల్లకు. లియోన్ అన్న చెప్పిన చట్టంలో బలవంతం చేసినవాళ్లకు శిక్ష ఉండడం నాకు నచ్చింది, కానీ అత్తగారి మీద కేసు పెట్టి అదే ఇంటికి తిరిగి వెళ్లగలిగే కోడలు ఎవరున్నారు?

ఇరాన్ అమ్మాయిలకు నా జవాబు ఇది. వాళ్ల తల మీద గుడ్డ పెట్టింది పోలీసు, ఉడుపి అమ్మాయిల తల మీది గుడ్డ తీయమన్నదీ ప్రభుత్వ ఉత్తర్వే. నేను రెండుచోట్లా ఆ అమ్మాయి పక్కనే ఉన్నాను.

చట్టం చదివినవాడు:

ముసుగును కాసేపు పక్కన పెట్టి దుస్తుల నియమాల గురించి ఒక మాట. తిరుమలలో కల్యాణోత్సవానికైనా, 300 రూపాయల ప్రత్యేక దర్శనానికైనా మగవాళ్లు ధోవతి లేదా కుర్తా పైజమా, ఆడవాళ్లు చీర, లంగావోణీ, చున్నీతో చుడీదార్ వేసుకోవాలి. అది నాకు అన్యాయమనిపించదు. దేవుడి ఇంటికి వెళ్లేవాడు ఆ ఇంటి పద్ధతి పాటిస్తాడు, ఇష్టం లేకపోతే వెళ్లడు. ప్రభుత్వ కళాశాల అలాంటిది కాదు, ఇష్టం లేకపోతే మానెయ్యమనడం అక్కడ కుదరదు.

దుస్తుల నియమం పేరుతో ఒకరిని తక్కువచేసిన చరిత్ర కూడా మనకుంది. ఇప్పటి కేరళ దక్షిణ భాగంలోని తిరువాంకూరు సంస్థానంలో, తక్కువ కులంగా చూసిన నాడార్ స్త్రీలు రవిక వేసుకుని పైట కప్పుకుంటే అగ్రకులాలవాళ్లు వీధిలో చింపేసేవారు. దశాబ్దాల పోరాటం తరవాత 1859లో గానీ, వాళ్లు ఒంటి పైభాగం కప్పుకోవచ్చని రాజు ప్రకటన రాలేదు. అక్కడ కప్పుకోవడమే ధిక్కారం అయింది. ముఖం కప్పుకునే మత ఆచారం ఇంకొకటి మన కళ్లముందే ఉంది. స్థానకవాసి, తేరాపంథీ శాఖల జైన సాధువులూ సాధ్వులూ నోటికి తెల్లటి ముఖపట్టీ కట్టుకుని మన రోడ్ల పక్కన నడిచిపోతుంటే పక్కకు తప్పుకుని నమస్కారం పెడతాం.

పోలింగ్ డ్యూటీ మాస్టారు:

ఇంత చర్చలో ఎన్నికల ఊసు రాలేదు. నేను పాతబస్తీలో మూడు ఎన్నికలకు పోలింగ్ అధికారిగా పనిచేశాను. ముఖం చూడవలసిన చోటు అంటే దానికి మించింది లేదు, ఓటరు జాబితాలో ఫొటో ఉంటుంది, ఏజెంట్లు చూస్తుంటారు.

మేం చేసే పని చెబుతాను. గదిలో ఒక మూల, సామగ్రి వచ్చిన అట్టపెట్టెలు రెండు నిలబెట్టి వాటి మీద దుప్పటి కప్పి చాటు చేస్తాం. మహిళా పోలింగ్ అధికారి లోపల ఉంటుంది. ముసుగులో వచ్చిన ఓటరు అక్కడికి వెళ్లి ముఖం చూపిస్తుంది, అధికారి జాబితాలోని ఫొటోతో సరిపోల్చి పేరూ క్రమసంఖ్యా గట్టిగా చదువుతుంది, ఏజెంట్లు తమ కాగితం మీద గుర్తు పెట్టుకుంటారు, ఆ పైన వేలికి సిరా. మధ్యాహ్నం నమాజు అయ్యాక వరస ఎంత పొడుగున్నా ఒక్కొక్కరికి అరనిమిషం పట్టేది కాదు. ఎన్నికల నిర్వహణ నియమాల్లోనే మహిళా ఓటర్ల కోసం మహిళా సహాయకురాలిని పెట్టుకునే వీలుంది. ఏజెంటుకు అనుమానం వస్తే 2 రూపాయలు కట్టి ప్రిసైడింగ్ అధికారి ముందు ఆ ఓటును సవాలు చేయవచ్చు, విచారణ అధికారి చేస్తాడు. అభ్యర్థికి కానీ, ఏజెంటుకు కానీ ఒక ఆడమనిషి ముసుగు మీద చేయి వేసే అధికారం లేదు, తీయమని శాసించే అధికారమూ లేదు. 2024 మే 13న హైదరాబాద్ లోక్‌సభ ఎన్నికలో ఒక అభ్యర్థి, కేంద్రంలో కూర్చున్న ముస్లిం స్త్రీలతో ముసుగు తీయించి కార్డులు పరిశీలించిన వీడియో అందరం చూశాం. దానిమీద మలక్‌పేట పోలీసులు కేసు నమోదు చేశారు. ఆ వీడియో చూసినప్పుడు నాకు ఆ అట్టపెట్టెలే గుర్తొచ్చాయి.

సాగరతీరం:

మాస్టారూ, ఇది చదివాక నిన్న మా మేనేజరు గారితో మాట్లాడాను. మా శాఖలో అయిదుగురు మహిళా ఉద్యోగులున్నారు. ముఖం కప్పుకుని వచ్చిన ఖాతాదారును గుర్తించడం వాళ్లకు అప్పగిస్తే సరిపోతుంది, దానికి కొత్త ఉత్తర్వు ఏదీ అక్కర్లేదన్నారు. గుమ్మం మీది బోర్డు మాత్రం తీయం.

లెక్కల టీచరు:

అందరికీ ధన్యవాదాలు. మీరు రాసినవి వరసగా అచ్చుతీసి మా స్టాఫ్‌రూంలో పెట్టాను. మావాళ్లలో ఇద్దరు ఇప్పటికీ ఒప్పుకోలేదు. తరగతిలో ముఖం కనిపించకపోతే పిల్లకు అర్థమైందో లేదో మాకెలా తెలుస్తుందని అడిగారు, వాళ్లది నిజమైన ఇబ్బందే. నా తరగతిలో కూడా ఒకమ్మాయి ముసుగు తీయదు. అవకలనం మొదలుపెట్టిన వారం ఆమెకు ఏమీ అందడం లేదని నాకు తెలియనే లేదు, యూనిట్ టెస్టు దిద్దాకే తెలిసింది. ఇప్పుడు ప్రతి పావుగంటకూ ఆమె చేత ఒక మెట్టు పైకి చెప్పిస్తున్నాను. తడబడితే గొంతులోనే తెలుస్తోంది. దీనికి ఇంతకంటే మంచి ఉపాయం ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

గేటు సంగతికి వస్తే, ఈ ఏడాది ప్రిన్సిపాల్ గారి అనుమతితో వాచ్‌మన్ గదికి తెర కట్టాం. భౌతికశాస్త్రం ల్యాబులో చీకటి గదికి వాడే నల్లగుడ్డ అది. నాతోపాటు గ్రంథాలయం మేడమ్ అక్కడ కూర్చుంటారు. నిఖాబు వేసుకున్నవాళ్లూ, చున్నీ చుట్టుకున్నవాళ్లూ, జ్వరానికి మాస్కు పెట్టుకున్నవాళ్లూ అందరూ అటునుంచే రావాలని గేటు మీద కాగితం అంటించాం. ప్రీఫైనల్ పరీక్షల్లో ఒకసారి నడిపి చూశాం, తొంభై ఒక్క మందికి ఇరవై మూడు నిమిషాలు పట్టింది. చున్నీ అమ్మాయిలే ఎక్కువమంది. ముడులు గట్టిగా బిగించుకుంటారు కాబట్టి ఆలస్యం కూడా వాళ్ల దగ్గరే అయింది. అసలు పరీక్షలకు అరగంట ముందే కూర్చోవాలని అనుకుంటున్నాం.